దిగువ పల్లం గుంటకి

కోటబొమ్మాళి నుంచి విజయనగరం వెళ్ళడాన్ని మా ఊళ్ళో ఎవరూ ప్రయాణం అనరు. పొద్దున్నే బండెక్కితే టిఫిన్ వేళకి అక్కడుంటాం. ఈ పదమూడేళ్ళలో నేను ఎన్నిసార్లు వెళ్ళొచ్చానో లెక్కలేదు, ఒక్కసారీ దాని గురించి రాయాలనిపించలేదు. ఈసారి రాస్తున్నానంటే కారణం విజయనగరం కాదు, నా సంచీలో పెట్టుకున్న ఒక పాత కాగితం.

నేను సివిల్ లాయర్ని. పెద్ద కేసుల జోలికి పోను. వీలునామాలు, పంపకాలు, వారసత్వపు తగాదాలు, ఇవే నా బతుకుతెరువు. పుట్టింది పెరిగింది తెనాలి దగ్గర. పెళ్ళయ్యాక మామగారి ఊరైన కోటబొమ్మాళి వచ్చి బోర్డు పెట్టుకున్నాను. మొన్న కార్తీకంలో, విజయనగరంలో శని ఆదివారాలు వీలునామాల మీద లాయర్ల సదస్సు ఉందని, అందులో ‘వీలునామాలో భాష’ అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలని ఉత్తరం వచ్చింది. చంకలు గుద్దుకున్నాను. నా దస్తావేజుల్లో తప్పులుండవని, నా వాక్యం శుభ్రంగా ఉంటుందని నాకు కొంచెం పొగరు ఉండేది.

ఉదాహరణల కోసం పాత నకళ్ళు తీశాను. మా ఆవిడ గోంగూర వలుస్తూ కూర్చుంటే, నేను రాసిన మొదటి వీలునామాల్లో ఒకటి గొప్పగా పైకి చదివాను. అప్పలసూరి అనే ముసలి రైతుది. నేను ఈ ఊరొచ్చిన రెండో నెలలో రాసింది.

“దిగువ పల్లం నీటిగుంట నిమిత్తం వదలవలెను” అని చదివేసరికి మా ఆవిడ చెయ్యి ఆగింది.

“నీటిగుంటేటండీ?” అంది. “బంగారంలాటి వరిమడి ఎవలైనా నీటిగుంటకి రాస్తారేటి? ఆ తాతకి మనవరాలు ఉండీది కదా. గుంటకి అనుంటాడు.”

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా తెనాలి వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి. శ్రీకాకుళంలో గుంట అంటే ఆడపిల్ల. ఆ మాట నాకు ఈ ఊరొచ్చిన ఏడాదికల్లా తెలిసిపోయింది. మా పాపని మా అత్తగారు పొద్దస్తమానం గుంటా, గుంటా అనే పిలిచేవారు. కానీ ఆ మాట తెలియక ముందు నేను రాసిన కాగితం ఒకటుందని, దాన్ని ఒకసారి తీసి చూసుకోవాలని నాకు తట్టలేదు.

అప్పుడు ఆ ముసలాయన నా ఆఫీసులో బెంచీ మీద కూర్చుని చెప్పినదంతా గుర్తొచ్చింది. “ఎగువ గరువు మా తమ్ముడి కొడుకులకి రాయి బాబూ. ఆళ్ళు నాతో పాటు దున్నినారు. దిగువ పల్లం గుంటకి.” ఎగువ గరువు మెట్ట భూమి, దిగువ పల్లం మాగాణి. పొలానికి నీళ్ళ కోసం గుంట తవ్వించాలని ముసలాయన ముచ్చట కాబోలు అనుకున్నాను. వట్టి గుంట అని రాస్తే మొరటుగా ఉంటుందని నీటిగుంట అని సవరించాను. చివర, నేను అందరికీ రాసే వాక్యమే ఆయనకీ రాశాను: తతిమ్మా ఆస్తి ఏమైనా ఉంటే తమ్ముడి కొడుకులకే చెందవలెను. ఆయనకి చెవులు సరిగా వినపడవు. చదివి వినిపిస్తుంటే నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

“గుంటకి రాసీసినావు కదా బాబూ?”

“రాశాను తాతా” అన్నాను. సంతోషపడి సంచీలోంచి రెండు కొబ్బరికాయలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ మనవరాలు ఆయన చచ్చిపోయిన కూతురి బిడ్డ. ఆయనకి ఇంక వేరే సంతానం లేదు. వీలునామా అనేది రాయకుండా పోయి ఉంటే, చట్టప్రకారం మొత్తం పొలమంతా ఆ అమ్మాయికే వచ్చేది. నా దగ్గరికి రావడం వల్ల, నీటిగుంట పేరున వదిలిన పల్లం కూడా ఆ చివరి వాక్యం కింద తమ్ముడి కొడుకులకే పోయి, ఆమెకి సెంటు భూమి కూడా రాలేదు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

మా ఆవిడ ఊరుకోలేదు. నాలుగు ఫోన్లు చేసి ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కుంది. పేరు నీలవేణి. చీపురుపల్లిలో మార్కెట్ వెనక వీధిలో ఉంటుంది, బడిపిల్లల బట్టలు కుడుతుంది. “బండి చీపురుపల్లిలో ఆగుతాది కదండీ. దిగి సెప్పీసి ఎల్లండి” అంది. సరే అన్నాను. వీలునామా నకలు సదస్సు ప్రసంగంతో పాటే సంచీలో పెట్టుకున్నాను.

శనివారం ఉదయం ఆరుంబావుకి కోటబొమ్మాళి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు పాతిక రూపాయలు. మీరెవరైనా వెళ్ళదలిస్తే ఒకటి చెబుతాను: ఈ బండి వేళలు మారుతూ ఉంటాయి, ముందురోజే స్టేషన్లో అడిగి పెట్టుకోండి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఊరు దాటిన రెండు నిమిషాలకి ఒక చేపల చెరువు వస్తుంది. గట్టు చుట్టూ కొబ్బరి మొక్కలు, ఒడ్డున కొంగలు. చుట్టూ కోతకొచ్చిన వరి, మధ్యలో ఆ నీళ్ళు. నేను ఎప్పుడు వెళ్ళినా అది చూడడానికే కుడివైపు కూర్చుంటాను. ఆ రోజూ చూశాను. కార్తీకపు మంచు నీళ్ళ మీద ఇంకా విడలేదు. కాసేపు సంచీలో కాగితం సంగతి మర్చిపోయాను.

తిలారులో ఒక కుటుంబం ఎక్కింది. తల్లి సర్దుకుని కూర్చోకముందే, నాలుగేళ్ళ కూతురు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. “ఒసే గుంటా, సెయ్యి లోపలెట్టు” అని తల్లి ఒక్కటిచ్చింది. నేను మొహం అటు తిప్పుకున్నాను.

ఆమదాలవలసలో టీ తాగాను. బాగాలేదు. అక్కడ ఎక్కిన ఒక పెద్దాయన ఎదుటి సీట్లో కూర్చుని ఏ ఊరు, ఏ పని అని ఆరా తీశాడు. లాయరునని చెప్పడం నా పొరపాటు. బండి నాగావళి వంతెన దాటే లోపలే ఆయన పొలం గట్టు తగువు మొదలైంది. పొందూరు వచ్చింది, సిగడాం వచ్చింది, గట్టు మాత్రం ఒక్క అడుగు జరగలేదు. చివరికి ఆయన నన్ను ఎగాదిగా చూసి అన్నాడు. “లాయర్లు రాసిన కాయితం సూసే మా తగువు మొదలైనాది బాబూ. నోటితో సెప్పుకున్నన్నాలు బాగానే ఉండీది.”

ఏడూ యాభైకి చీపురుపల్లి వచ్చింది. సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద ఆకుకూరల బుట్టలు దింపుతున్నారు. ఒకామె బుట్ట ఎత్తుకుంటూ “దిగుతారేటి బాబూ, తప్పుకుంటారేటి?” అంది. తప్పుకున్నాను. బండి కదిలేదాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. పెద్దాయన గరివిడి దాకా మళ్ళీ గట్టు సంగతి ఎత్తలేదు. నా మొహం అలా ఉండి ఉంటుంది.

ఎనిమిదీ నలభైకి విజయనగరం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో సదస్సు జరిగే కల్యాణ మండపానికి వెళ్ళాను. బయట ముందురోజు పెళ్ళి తాలూకు అరటిచెట్లు ఇంకా కట్టే ఉన్నాయి. ప్రవేశం దగ్గర పేరు రాయించుకుంటే ఒక ఫోల్డరు, పెన్ను, రాసుకునే పుస్తకం, చొక్కాకి తగిలించుకునే బిళ్ళ ఇచ్చారు. పది గంటలకన్నారు, దీపం వెలిగేసరికి పదకొండుంపావు. ముఖ్య అతిథి చావు గురించి గంటసేపు మాట్లాడాడు, మన వృత్తికి అదే ఆధారం అన్నాడు. తర్వాత ఒకాయన, సాక్షుల సంతకాల మీద. ఇంకొకాయన, మతి స్థిమితం లేనివాళ్ళు రాసిన వీలునామాల మీద. నల్ల కోట్లు తీసి కుర్చీలకి తగిలించి, అందరూ నోట్సు రాసుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర మాత్రం చాలా బాగుంది, అది ఒప్పుకోవాలి.

రెండున్నరకి నా వంతు వచ్చింది. మాండలికాల జోలికి వెళ్ళకుండా ముగించేద్దామనుకున్నాను. కానీ ఇరవై నిమిషాలు నింపాలి కదా. “ఒక లాయరున్నాడు, మీలో కొందరికి తెలిసే ఉంటుంది” అని మొదలుపెట్టి నా కథే చెప్పాను. ముసలాయన గుంటకి అంటే లాయరు నీటిగుంట అని రాశాడని చెప్పగానే హాలంతా ఘొల్లుమంది. శ్రీకాకుళం, విజయనగరం లాయర్లు కదా, వాళ్ళకి వివరించనక్కర్లేదు. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “ఆ లాయరు ఏ వైపోడు?” అని ఎవరో అరిచారు. “మా వైపు వాడే” అన్నాను. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నవ్వాను.

నవ్వులు తగ్గాక, ఇందులో అసలు తప్పు మాట తెలియకపోవడం కాదని చెప్పాను. ముసలాయన అన్నది అన్నట్టు ‘గుంటకి’ అని వదిలేసి ఉంటే, ఈ ప్రాంతంలో ఆ మాటకి అర్థం ఇదీ అని కోర్టులో సాక్ష్యం చెప్పించే వీలు చట్టంలో ఉంది. ‘నీటి’ అని ముందు తగిలించి ఆ లాయరు ఆ తలుపు మూసేశాడు. ఇది బాగుందని చప్పట్లు కొట్టారు.

ప్రశ్నలు అడగొచ్చన్నారు. వెనక వరసలోంచి పార్వతీపురం నుంచి వచ్చిన సుగుణ అనే జూనియరు లేచింది. సన్నగా, కొత్త కోటులో.

“ఆ గుంటకి ఎవలైనా సెప్పినారా సార్, తాత తనకే రాయమన్నాడని?” అంది.

మైకు నా చేతిలోనే ఉంది. “తెలీదమ్మా” అన్నాను. ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. అధ్యక్షుడు సమయం అయిపోయిందని గంట కొట్టాడు.

సదస్సువాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో గదులిచ్చారు. ఇద్దరికొకటి. మంచం సంగతి ఏమో కానీ వేడినీళ్ళు దొరుకుతాయి. నాతో పాటు దిగినాయన విజయనగరంలోనే చదువుకుని రాజాంలో ప్రాక్టీసు చేస్తున్న రామ్మూర్తి గారు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. సాయంత్రం టీ తాగుతూ ఉండగా ఆయన నెమ్మదిగా అన్నారు.

“ఆ లాయరు నువ్వే కదూ?”

దాచడానికి ఏముంది. అవునన్నాను. చీపురుపల్లిలో దిగలేకపోయానని కూడా చెప్పాను.

“దిగకపోవడమే మంచిదైనాది. ఎప్పటి సంగతి అది? గడువులన్నీ దాటిపోనాయి. ఇప్పుడు నువ్వెల్లి సెప్తే ఆ పిల్లకేటి ఇవ్వగలవు? దుఃఖం తప్ప.” ఆయన గ్లాసు కింద పెట్టారు. “మరీ మనసాగకపోతే నోటితో సెప్పు. కాయితం మీద మాత్రం అక్షరం పెట్టకు. రేపు ఎవడో దాన్ని పట్టుకుని నీ మీదకొస్తాడు.”

ఆయన చెడ్డవారు కాదు. నా దగ్గరికి ఎవరైనా ఇలా వచ్చి అడిగితే నేను కూడా అదే చెబుతాను, ఫీజు కూడా తీసుకుంటాను. కానీ ఆ హాల్లో నవ్వింది చెవుల్లోంచి పోలేదు. ఆ నవ్వులో నా నవ్వు కూడా ఉంది.

ఆదివారం రెండో రోజు సదస్సుకి వెళ్ళలేదు. చివర్లో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారట, నాది నాకు రాలేదు. పొద్దున ఏడింటికే కాంప్లెక్సులో చీపురుపల్లి బస్సెక్కాను. నెల్లిమర్ల, గరివిడి మీదుగా వెళ్తుంది. రోడ్డు ఫర్వాలేదు. పక్క సీట్లో ఒకామె తులసికోట దగ్గర పెట్టడానికి కొన్న మట్టి ప్రమిదలు ఒళ్ళో పెట్టుకుని, గోతి వచ్చినప్పుడల్లా రెండు చేతులతో కప్పుకుంటోంది. ఎనిమిదీ పదికి దిగిపోయాను.

మార్కెట్ వెనక వీధి కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద కుట్టు మిషను, పక్కన నీలం రంగు బడి బట్టల గుట్ట. ముప్పై దాటిన మనిషి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక జేబు అతుకుతోంది.

“నీలవేణి అంటే...”

సూదులు తీసింది. “నానే. ఏటి కుట్టాల?”

“కుట్టడానికి కాదమ్మా. కోటబొమ్మాళి లాయర్ని. మీ తాతగారి వీలునామా రాసింది నేనే.”

చేత్తో చక్రం ఆపింది. “ఐతే ఏటి? నాకేటీ లేదని తెల్సు. ఆయన బతికున్నప్పుడే తెల్సు. సాచ్చి సంతకం ఎట్టినోడు ఊరంతా సెప్పీసినాడు, మనవరాలికి ఏటీ లేదు, పల్లం నీటిగుంటకట అని.”

రైల్లో, బస్సులో, లాడ్జిలో నేను మనసులో కూర్చుకున్న మాటలన్నీ అక్కడ అడ్డదిడ్డంగా వచ్చాయి. నకలు తీసి చేతిలో పెట్టాను. తాతగారు నీటిగుంట అనలేదని, నేను ఈ ప్రాంతం వాణ్ణి కాదని, ఆ మాట నాకు అప్పటికి తెలీదని చెప్పాను. ఆమె కాగితం చదవలేదు. నా మొహమే చూస్తోంది, ఆ ముసలాయన చూసినట్టే.

“గుంటకి అన్నాడా?” అంది.

“గుంటకి అన్నాడు.”

“అలగే అన్నాడా?”

“అలాగే అన్నాడమ్మా. చివర్లో, గుంటకి రాసీసినావు కదా బాబూ అని మళ్ళీ అడిగాడు. రాశానన్నాను.”

లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె మొహం తడిగా ఉంది, కడుక్కుందో ఏడ్చిందో తెలీదు. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నాకు చెబుతున్నట్టు లేదు.

“ఆ కబురు తెలిసినకాడి నుంచి తాతతో మాట మానీసినాను. అడగొచ్చు. అడిగితే మడి కోసం అడిగినట్టుంటాది అని అడగలేదు. ఆ యేడు కోతలైనాక తాత రైలెక్కి వొచ్చినాడు. బుజం మీద బియ్యం మూట. నాను తలుపు తియ్యలేదు బాబూ. లోపలే కూకున్నాను. తలుపవతల నుంచి అన్నాడు, ‘ఒసే గుంటా, ఇవి నీ మడి బియ్యమేనే’ అని. నీ మడి అన్నాడు. నాకు సెంటు రాయకుండా, గుమ్మంలోకొచ్చి ఎగతాళి సేస్తన్నాడు అనుకున్నాను.”

వీధిలో ఎవరో చేపలమ్మా అని అరుచుకుంటూ వెళ్ళారు. ఆ కేక దూరమయ్యేదాకా ఆగింది.

“శానాసేపు కూకున్నాడు అరుగు మీద. ఇక్కడే, మీరు కూకున్న కాడ. మూట ఎట్టీసి ఎల్లిపోనాడు. ఒక్క గింజ వండలేదు నాను. పక్కింటోల కోళ్ళకి ఏసీసినాను. మరి రొండు నెల్లకి పోనాడు. కబురొస్తే ఎల్లలేదు. గుంట రాలేదేటి అని అడిగినాడట ఆఖర్న. అది కూడా ఎవలో సెప్తే నవ్వినాను.”

నేను పోగొట్టింది పొలమనే అప్పటిదాకా అనుకున్నాను. దాని గురించే సంజాయిషీ సిద్ధం చేసుకుని వచ్చాను.

ఆమే అడిగింది. “ఇప్పుడు దావా ఏస్తే వస్తాదా?”

“రాదమ్మా. అబద్ధం చెప్పలేను.”

“ఇచ్చినా ఏటి సేస్తాను, అక్కడ మడే లేదు. మీకు తెల్దేటి? కోటబొమ్మాళి టేసను కాడ రైల్లోంచి కనిపిస్తాది. మా తాత తమ్ముడి కొడుకులు తవ్వీసి సేపల సెరువు సేసినారు. కాయితంలో నీటిగుంటకని ఉన్నాది కదా, కాయితం పెకారమే సేసినాం అన్నారు. గట్టు మీద కొబ్బరి మొక్కలెట్టినారు.”

పొలం చూడడానికి నేను ఎన్నడూ వెళ్ళలేదు, సర్వే నంబరు రాసి ఊరుకున్నాను. ఆ చెరువుని నేను చూస్తూనే ఉంటానని ఆమెకి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో.

లేవబోతుంటే ఆపింది. “రాసియ్యి బాబూ.”

“ఏం రాయనమ్మా?”

“తాత అన్న మాట. ఎలగ అన్నాడో అలగ.”

రామ్మూర్తి గారి మాట గుర్తొచ్చింది. సదస్సులో ఇచ్చిన పుస్తకం, పెన్ను తీశాను. ఎగువ గరువు మా తమ్ముడి కొడుకులకి. దిగువ పల్లం గుంటకి. అంతవరకు రాసి, గుంట అనగా అని కొత్త వాక్యం మొదలుపెట్టాను. ఆమె వంగి చూసి పెన్ను మీద చెయ్యి పెట్టింది.

“అది అక్కర్లేదు. గుంటంటే ఏటో ఇక్కడ అందరికీ తెల్సు.”

కొట్టేశాను. కింద, ఈ మాటలు అప్పలసూరి గారు నాతో అన్నవి, తప్పు రాసింది నేను, అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఏ కోర్టులోనూ పనికిరాదు. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

చేతులు జోడించాను. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. అది ఆమెకే కనపడినట్టుంది.

“మీ మీద నాకింకా కోపం రాలేదు బాబూ” అంది. “వస్తాది. తాత కోసం ఏడిసినాక వస్తాది. ఇప్పుడు ఎల్లండి, బండి టైమైపోతాది.”

బండి పదకొండుంపావుకి. మామూలు రోజుల్లోకన్నా ఆదివారం తక్కువ రద్దీగా ఉంటుంది. స్టేషన్లో ఉడకబెట్టిన వేరుశనగలు కొన్నాను, విప్పకుండానే సంచీలో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆ చెరువు ఎడమవైపు వస్తుంది. అది కనపడకూడదని కుడివైపు కూర్చుని, ఆమదాలవలస దాటాక లేచి ఎడమవైపుకి మారాను.

అక్కడ కిటికీ దగ్గర ఒక నడివయసు మనిషి ఉన్నాడు. మాటను బట్టి మా వైపు వాడే. గుంటూరు నుంచి పలాస బదిలీ అయిందట, ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్నాడు. ఈ భాష అర్థం కావడం లేదని నవ్వుతూ చెప్పాడు. తిలారు దాటింది. పన్నెండూ నలభైకి చెరువు వచ్చింది. ఎండ నిటారుగా పడి నీళ్ళు మెరుస్తున్నాయి. ఇద్దరు మనుషులు వల లాగుతున్నారు. కొంగలు గట్టు మీదే ఉన్నాయి. అంతా నేను ఎప్పుడూ చూసేదే, ఒక్కటీ మారలేదు.

“భలే ఉందండీ” అన్నాడు ఆయన. “ఎవరిదండీ ఇది?”

“గుంటది” అన్నాను.

ఆయన నవ్వాడు. “గుంటే కదండీ మరి. గుంట ఎవరిదని అడుగుతున్నా.”

బండి నెమ్మదించింది. సంచీ తీసుకుని లేచాను. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాను, ఆయనకి ఏదో ఒకటి చెప్పి దిగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

“అప్పలసూరి గారి మనవరాలు నీలవేణిదండీ” అన్నాను. “ఆయన ఆమెకి రాశాడు.”

ఆయన తల ఊపి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. పదమూడేళ్ళ కిందట నేను కాగితం మీద పెట్టాల్సిన పేరు అది. రైల్లో, ఎవరో ఏమిటో తెలియని మనిషికి చెప్పి దిగాను.